వ్రాతయందు ప్రీతి యెట్లు పుట్టును?

విద్యార్థులారా, నల్లబల్లమీద “వ్యాసము” అను మాట కనబడినంతనే మీ ముఖములు వాడిపోవుట మేమెఱుగుదుము. అదే గంటలో బల్లల క్రిందుగా మీలో ఒకరు మఱియొకరికి అందించు చీటీలు మాత్రము ఎంత చురుకుగా వ్రాయబడుచుండును! ఒకసారి అట్టి చీటీ యొకటి మా చేతికి చిక్కినది. అందు మా నడకను, మా కండ్లజోడును, మేము సుద్దముక్క పట్టుకొను తీరును వర్ణించిన విధము చూడగా, కోపము వచ్చుటకు ముందు నవ్వు వచ్చినది. ఆ చీటీ వ్రాసిన చేయియే వ్యాసపుస్తకములో “వర్షకాలమున వర్షములు కురియును” అని నాలుగు పంక్తులు వ్రాసి యూరకున్నది. చేయి ఒకటే, కలము ఒకటే. ఒకచోట ప్రాణమున్నది, మఱియొకచోట లేదు. ఈ భేదమునకు కారణమేమి?

కారణము మిక్కిలి సులభమైనది. చీటీకి చదువరి యున్నాడు. వాడు ప్రక్కబల్లలో కూర్చుండి, చేయి చాచి, ఎప్పుడు వచ్చునాయని కాచుకొనియున్నాడు. చదివినంతనే నవ్వును, జవాబు వ్రాయును. వ్యాసమునకు చదువరి లేడు. మార్కులు మాత్రమే యున్నవి. వ్రాతయందలి ప్రీతి పుట్టుకతో కొందఱికే వచ్చు వరమని లోకములో ఒక మాట గలదు. ఆ మాట పూర్తిగా నిజము కాదని మా నమ్మకము. పదిమందిలో అనేకులకు ఆ ప్రీతి తోడివారి సహవాసమువలన పుట్టుచున్నది. తన వ్రాతకొఱకు ఒకరు ఎదురు చూచుచున్నారని తెలిసిన నాడు అది మేలుకొనును. ఎవరును చూడరని తెలిసిన నాడు నిద్రపోవును.

ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది. తెలిసిన విధమును దాచక చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెడివాడు. వెనుకబల్లపై కూర్చుండువాడు, అడిగినగాని మాటలాడడు. “వేసవి సెలవులు” అను విషయముపై వ్యాసము వ్రాసికొని రమ్మనగా అందఱును ఒకటిన్నర పుట తెచ్చిరి. ఆ బాలుడు తొమ్మిది పుటలు తెచ్చెను. చెఱువు ఎండిన వేసవిలో తన తాతతో కూడి ఊటబావి త్రవ్విన కథ అది. మేము ఎఱ్ఱసిరా కలము పట్టి ఒత్తులు, దీర్ఘములు, విభక్తులు, విరామచిహ్నములు అన్నియు దిద్దితిమి. చివర “విషయమును మీఱి వ్రాసితివి, అనవసరమైన విస్తరణము” అని వ్రాసి, 25కు 9 మార్కులు వేసితిమి. బావిలో నీరు పడెనా లేదా యను సంగతి ఆ తొమ్మిదవ పుటలో నుండవలెను. మేము ఆ పుటను దిద్దితిమి, చదువలేదు. తరువాతి వ్యాసము మొదలుకొని ఆ బాలుడును అందఱివలె ఒకటిన్నర పుటయే తెచ్చెను. తప్పులు తగ్గినవి, మార్కులు పెరిగినవి, బాలుడు మాత్రము ఆ పుటలలో కనబడలేదు. పదవ తరగతి ముగించుకొని వెడలిపోయెను.

ఆ లోపము మా మనస్సును బాధింపగా, పేరుపొందిన రచయితలు తమ చిన్నతనమున ఏ విధముగా వ్రాయనారంభించిరో వెదకి చదువ మొదలిడితిమి. చదివిన వానిలో నాలుగు వృత్తాంతములను మీ ముందుంచుచున్నాము. నాలుగింటను ఒకే పాఠము వేర్వేఱు విధములుగా కనబడును.

1. ఇంటిలోని సంఘము

ఇంగ్లాండు దేశమున యార్కుషైరు మండలములో హావర్తు అను కొండయూరు గలదు. 1820లో పాట్రిక్ బ్రాంటీ అను బోధకుడు ఆ యూరి దేవాలయమునకు గురువుగా వచ్చెను. మఱుసటి యేట ఆయన భార్య మరణించెను. 1825లో పెద్దకుమార్తె లిద్దఱును బడిలో జబ్బుపడి ఇంటికి తేబడి, కొద్ది వారముల యెడముతో కన్నుమూసిరి. మిగిలినవారు నలుగురు: షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్. ఇంటి కెదురుగా శ్మశానము. వెనుక గాలి వీచు బీడుకొండలు.

1826 జూను నెలలో తండ్రి లీడ్సు పట్టణమునకు పోయి వచ్చుచు కుమారునికొఱకు 12 కొయ్యసిపాయిలు గల పెట్టె తెచ్చెను. నలుగురు పిల్లలును తలకొక సిపాయిని పుచ్చుకొని పేర్లు పెట్టిరి. పేర్లు పెట్టగా కథలు పుట్టినవి. కథలకు ఒక దేశము కావలసివచ్చినది. దేశమునకు రాజులు, యుద్ధములు, కవులు, పత్రికలు కావలసివచ్చినవి. 1829 జనవరిలో బ్రాన్‌వెల్ ఆ సిపాయిలకు తగిన పత్రిక యొకటి ఆరంభించెను. కొన్ని నెలలకు షార్లెట్ దాని సంపాదకత్వము వహించెను. సిపాయిలు చదువుకొనవలెను గనుక పుస్తకములు వారి కొలతకే చేయబడినవి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెకు కొంచెము హెచ్చు. అందలి అక్షరములు అచ్చక్షరములవలె నుండి, పెద్దలు చదువవలెనన్న భూతద్దము కావలసినంత సన్ననివి. ఆ చిన్న పత్రికలలో 1830 నాటి దొకటి 2019లో పారిస్ నగరమున వేలమునకు రాగా, బ్రాంటీల గృహమును కాపాడుచున్న సంఘమువారు 6 లక్షల యూరోలకు పాడుకొనిరి.

వెల గొప్పదే, కాని మనము గమనింపవలసినది వేఱు. ఆ పత్రికకు చదువరులు ఎందఱు? నలుగురు. వ్రాసినవారు నలుగురు. ఆ నలుగురును ఒకే ఇంటివారు. వారికి ఎవరును మార్కులు వేయలేదు. ఎవరును రూక యీయలేదు. అయినను సంవత్సరముల తరబడి వ్రాసిరి. ఏలయనగా ఒకరి కథ ఎచ్చట ఆగినదో మఱియొకరు అచ్చట అందుకొనవలెను.

1836 చివర షార్లెట్ తన పద్యములను కొన్నిటిని ఆస్థానకవియైన రాబర్ట్ సౌదీకి పంపి అభిప్రాయము కోరెను. 1837లో ఆయన యుత్తరము వచ్చినది. సాహిత్యము స్త్రీకి జీవితకార్యము కాజాలదనియు, కారాదనియు ఆయన హితము చెప్పెను. దేశమంతయు గౌరవించు కవి పలికిన మాట! దూరమునున్న పెద్దవాడు తలుపు మూసెను. ఇంటిలోని చెల్లెండ్రు దానిని మూసికొననీయలేదు. రాత్రులందు ఇంటి పనులు ముగిసినపిమ్మట అక్కచెల్లెండ్రు మువ్వురును భోజనపు బల్ల చుట్టును నడచుచు, తాము వ్రాయుచున్న గ్రంథములనుగూర్చి మాటలాడుకొనెడివారు. 1846లో పురుషులవలె వినబడు మాఱుపేర్లతో తమ పద్యములను స్వంత ఖర్చుతో అచ్చు వేయించిరి. మొదటి సంవత్సరమున అమ్ముడుపోయినవి 2 ప్రతులు. మఱియొకరైనచో అంతటితో కలము పారవైచియుందురు. వీరు మానలేదు. 1847లో షార్లెట్ వ్రాసిన “జేన్ ఐర్”, ఎమిలీ వ్రాసిన “వుదరింగ్ హైట్స్”, ఆన్ వ్రాసిన “ఆగ్నెస్ గ్రే” వెలువడినవి. లోకము కొన్న ప్రతులు రెండైనను, తమ వ్రాత కెదురుచూచు చదువరులు ఆ బల్లచుట్టునే నడచుచుండిరి.

2. తపాలాలో కలిసిన బాలలు

ఒకే ఇంట నలుగురు వ్రాయువారు దొరకుట అరుదు. అట్టి భాగ్యము లేనివారి గతి యేమి? దీనికి జవాబు అమెరికాలో దొరకినది. న్యూయార్కునుండి 1873లో వెలువడ నారంభించిన “సెయింట్ నికొలస్” అను బాలల మాసపత్రిక 1899 నవంబరులో ఒక బాలల సమితిని స్థాపించెను. 18 ఏండ్లలోపు వారెవరైనను అందు చేరవచ్చును. నెల నెలకు కథ, పద్యము, బొమ్మ, ఛాయాచిత్రము మున్నగు వానిలో పోటీలుండెడివి. పంపబడినది బాలుని స్వంత కృతియేయని తల్లిదండ్రులో గురువో సంతకము చేయవలెను. మేలైనవి పత్రికలో అచ్చగును. వెండిపతకము, అటుపిమ్మట బంగారుపతకము లభించును. స్థలము చాలక అచ్చు కానివారిలో కూడ మెచ్చదగినవారి పేర్లు గౌరవపట్టికలో ప్రకటింపబడెడివి. ఆ చిన్న యక్షరములలో తన పేరు చూచుకొని, మఱుసటి నెలకు మఱల వ్రాసిన పిల్లలు ఎందఱో!

రేచల్ కార్సన్ అను బాలిక పెన్సిల్వేనియాలోని ఒక చిన్న యూరిది. ఆమె అన్న మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానదళమున నుండి, కెనడా దేశపు విమానికు డొకని ధైర్యమునుగూర్చి ఇంటికి జాబు వ్రాసెను. చెల్లెలు ఆ జాబులోని సంగతిని కథగా అల్లి పంపగా, 1918 సెప్టెంబరు సంచికలో అది అచ్చయ్యెను, వెండిపతకము వచ్చెను. అప్పటికి ఆమెకు 11 ఏండ్లు. పెద్దయైన పిదప ఆమె సముద్రమునుగూర్చి గ్రంథములు వ్రాసెను. 1962లో “సైలెంట్ స్ప్రింగ్” అను పుస్తకమున, పురుగుమందుల విచ్చలవిడి వాడకమువలన పక్షులకును, నీటికిని, మనుష్యులకును కలుగు కీడును లోకమునకు తెలిపెను. ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే అను బాలిక అదే సమితిలో పద్యములు వ్రాసి పతకములు పొంది, వయస్సు మించిపోగా 1910లో సెలవు పుచ్చుకొనుచు పత్రికకు జాబు వ్రాసెను. 1923లో ఆమెకు కవిత్వమునకై పులిట్జర్ బహుమానము లభించెను.

అయితే ఈ సమితివలన ఒక హెచ్చరికయు గలదు. ఎల్విన్ బ్రూక్స్ వైట్ అను బాలునకు, ఆ సమితిలో గెలువవలెనన్న జంతువులయందు దయ చూపు కథలు వ్రాయుమని ఇరుగుపొరుగు బాలు డొకడు రహస్యము చెప్పెను. వైట్ ఆ సలహా పాటించి, పతకములు రెండును పొందెను. పెద్దయైన పిదప తానే ఈ సంగతిని ఒక వ్యాసమున నవ్వుచు ఒప్పుకొనెను. న్యాయాధిపతికి ఏది నచ్చునో కనిపెట్టి వ్రాయుట వ్రాతకు మొదటి తెగులు. వైటునకు జంతువులపై నిజమైన ప్రేమయే యుండుటచేత ఆ తెగులు ముదురలేదు. 1952లో ఆయన వ్రాసిన “షార్లెట్స్ వెబ్” అను కథలో ఒక సాలీడు తన స్నేహితుడైన పందిపిల్ల ప్రాణము కాపాడుటకై తన గూటిలో అక్షరములు నేయును. పతకమునకు వ్రాసిన బాలుడు కడకు స్నేహమునకై వ్రాయు సాలీడును సృష్టించెను. ఈ మార్పును మీరు మఱువవలదు.

3. మూసిన తలుపు తెఱచిన జాబు

మూడవ వృత్తాంతము ఒంటరితనమునకు సంబంధించినది. హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ 1890లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున జన్మించెను. 1908లో నరముల బలహీనతచే ఉన్నతపాఠశాల చదువు ముగియకుండనే మానవలసివచ్చెను. పిమ్మట అయిదేండ్లు ఇల్లు కదలక, ఎవరితోను కలియక గడపెను. తన జీవితము వ్యర్థమైనదని యాతడు తలచెను. 1913లో ఒక కథాపత్రికలో వచ్చుచున్న ప్రేమకథలు తనకు నచ్చలేదని సంపాదకునకు ఘాటైన జాబు వ్రాసెను. అది అచ్చు కాగా ఇతర పాఠకులు మండిపడి జవాబులు వ్రాసిరి. ఈతడు పద్యములలో బదులు చెప్పెను. ఎదుటివా డొకడును పద్యములలోనే తిట్టెను. ఈ జగడము నెలల కొలది నడచెను.

ఈ జగడమును చూచిన ఎడ్వర్డ్ డాస్ అను నతడు, వీనికి కావలసినది తగవు కాదు, తోడు అని గ్రహించెను కాబోలు. తమ సంఘములో చేరుమని యాతనిని పిలిచెను. అది యునైటెడ్ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్. 1895లో 14 ఏండ్ల బాలు డొకడు మిత్రులతో స్థాపించినది. ఇందలి సభ్యులు కూలి కోరక, తమ సంతోషమునకై చిన్నచిన్న పత్రికలు అచ్చొత్తి, ఒకరికొకరు తపాలాలో పంపుకొనెడివారు. సభ్యుల వ్రాతల గుణదోషములను బహిరంగముగా పరిశీలించుటకు వారిలో ఒక శాఖయే యుండెను. 1914 ఏప్రిలులో లవ్‌క్రాఫ్ట్ చేరెను. కొన్ని నెలలకే ఇతరుల వ్రాతలను పరిశీలించు ఆ శాఖకు పెద్దయయ్యెను. 1915లో స్వంత పత్రిక పెట్టెను. 1917లో, మిత్రుల ప్రోత్సాహమున, చిన్నతనమున విడిచిన కథారచనను మఱల చేపట్టెను. ఆతని భయానక కథలు నేడు లోకమంతట చదువబడుచున్నవి. అన్యజాతులనుగూర్చి యాతనికుండిన నీచాభిప్రాయములు మనకు గ్రాహ్యములు కావు. వానిని మెచ్చుకొనుటకు ఈ కథ చెప్పలేదు. తోటివారి కొఱకు వ్రాయుటయే తనకు జీవితేచ్ఛ నిచ్చినదని యాతడు 1921లో కృతజ్ఞతతో వ్రాసికొనెను. మనకు కావలసినది ఆ యొప్పుకోలు. తలుపు మూసికొని కూర్చున్న యువకుని ఇంటినుండి వెలుపలికి తెచ్చినది ఒక పిలుపు జాబు.

4. మన యెఱిగిన జోడు

ఇవన్నియు దొరల దేశపు కథలని మీరనవచ్చును. నాలుగవది మన తెలుగువారిది. 1945లో మద్రాసునుండి “బాల” అను పిల్లల పత్రిక వెలువడెను. దానిని నడిపినవారు న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. తెలుగు పిల్లలకు వీరు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. ఆ యేటనే ముళ్లపూడి వెంకటరమణ యను బాలుని మొదటి కథ “అమ్మ మాట వినకపోతే” అందు అచ్చయ్యెను. ధవళేశ్వరమున పుట్టి, తండ్రి పోగా తల్లితో మద్రాసు చేరిన బాలుడతడు.

అచ్చులో తన పేరు చూచుకొన్న యుత్సాహము ఆ బాలుని ఊరక కూర్చుండనీయలేదు. తోడి విద్యార్థులతో చేరి “ఉదయభాను” అను పత్రిక పెట్టెను. సంపాదకుడు తానే. బొమ్మలు వేసినవాడు తనతో చదువుచున్న బాపు. చందాలు వసూలు చేసి, సైక్లోస్టైల్ యంత్ర మొకటి కొనిరి. ఈ కాలపు పిల్లలు ఆ యంత్రమును ఎఱుగరు గనుక చెప్పుచున్నాము: మైనము పూసిన పలుచని కాగితముపై ఉక్కుములికితో వ్రాసిన, ఆ గీతలవెంట మైనము తొలగును, పైన సిరా పూసిన దిండును దొరలించినచో, అడుగున నుంచిన తెల్లకాగితముపై అక్షరములు దిగును. ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క త్రిప్పు. చేతులు నల్లనగుట తప్పదు.

అట్లు నల్లనైన చేతులు తరువాత అరువదేండ్లకు పైగా విడిపోలేదు. రమణ వ్రాతయు బాపు గీతయు “బుడుగు”లో కలిసినవి, చలనచిత్రములలో కలిసినవి. రమణగారు 2011లోను, బాపుగారు 2014లోను గతించిరి. ఆ స్నేహము బలపడుటకు తోడ్పడినది చందాలపై నడచిన ఒక పిల్లల పత్రిక.

5. సహవాసము ఇచ్చునదేమి?

ఈ నాలుగు వృత్తాంతములను ప్రక్కప్రక్కన ఉంచి చూడగా మనకు నాలుగు సంగతులు తేలుచున్నవి.

మొదటిది చదువరి. ఒక్కడైనను చాలును, కాని యాతడు నిజముగా చదువవలెను. రెండవది గడువు. నెల తిరుగగానే పత్రిక వెలువడవలెను. నాలుగవ తోబుట్టువు తన వంతు కథకై కూర్చున్నది. తీరిక దొరకినపుడు వ్రాయుదమనువానికి తీరిక దొరకదు. మూడవది బదులు. వ్రాసినదానికి ఒక మాట తిరిగి రావలెను, అది మెప్పైనను విమర్శయైనను. నూతిలో వేసిన రాయికి చప్పుడు వినబడనిచో రెండవ రాయి వేయ బుద్ధి పుట్టదు. నాల్గవది వంతు. నేడు నీవు వ్రాయగా నేను చదివితిని. రేపు నేను వ్రాయగా నీవు చదువవలెను. ఇతరుల వ్రాత చదువుటవలననే తన వ్రాతలోని లోపము కనబడును. కాకిపిల్ల కాకికి ముద్దు. ఎదుటి గూటిలోని పిల్లను చూచినగాని తన పిల్ల రంగు తెలియదు.

6. మన పాఠశాలలో చేయదగినది

కావున మీలో ఇష్టమున్నవారు అయిదుగురు మొదలు పదిమంది వఱకు ఒక జట్టుగా చేరుడు. ఒక లిఖితపత్రిక పెట్టుడు. అచ్చు అక్కఱలేదు, యంత్రము అక్కఱలేదు. నూఱు పుటల నోటుపుస్తక మొకటి చాలును. వారమున కొకరి యింటికి అది పోవలెను. పోయినచోట తన వ్రాత చేర్చి, ముందున్న వ్రాతలక్రింద తన మాట వ్రాసి, తరువాతి వారికి అందింపవలెను.

ఆ మాట వ్రాయుటకు ఒక క్రమము చెప్పెదము. మొదట, నచ్చిన చోటు ఇదియని వ్రేలుపెట్టి చూపుడు. “బాగున్నది” అని యూరకున్నచో అది చదువనివాడును అనగల మాట. రెండవది, అర్థము కాని చోటు చూపుడు. మూడవది, ఇంకను ఏమి తెలిసికొనగోరుచున్నారో అడుగుడు. అక్షరదోషములను అన్నిటికి చివర, పెన్సిలుతో, మెల్లగా చూపవచ్చును. అవి దిద్దకూడదని మేము చెప్పము. ఒత్తు మారిన మాట మారును. శుద్ధమైన భాష వ్రాయువాని మర్యాద. కాని కాళ్లు కడుగుకొమ్మని చెప్పుటకు ముందు అతిథిని లోనికి రమ్మని పిలువవలెను గదా!

ముఖస్తుతి చేయవలదు, ఎగతాళి అంతకంటె చేయవలదు. వెనుకబల్లలోని వానిని పిలుచుట మఱువవలదు. ఒకరి వ్రాతను ఎత్తి తనదిగా చూపుట దొంగతనమని తెలిసికొనుడు. బహుమానము పెట్టుమని మమ్మడుగవలదు. పతకము కనబడినచో చదువరి కనబడడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. రాత్రివేళ మీ కుమార్తె లెక్కల పుస్తకము ప్రక్కనుంచి ఏదో వ్రాసికొనుచు కనబడినచో, ఆస్థానకవివలె తలుపు మూయవలదు. లెక్కలును చేయవలసినవే, కాని ముందుగా “ఏమి వ్రాయుచున్నావమ్మా, చదివి వినిపింపుము” అని యడుగుడు. ఆమె వినిపింపకపోవచ్చును, సిగ్గుపడవచ్చును. అడిగిన మాట మాత్రము ఆమెకు జ్ఞాపకముండును.

ఇక మా తోడి యుపాధ్యాయులకు చెప్పునంతటివారము కాము. మాకు మేము విధించుకొన్న నియమమును మాత్రము చెప్పెదము. ఏ విద్యార్థి వ్యాసమునైనను మొదటిసారి కలము లేక చదువుదుము. ఎఱ్ఱసిరా బుడ్డి అప్పుడు బీరువాలో నుండును. చదివి, ఆ బాలునికో బాలికకో ఒక ప్రశ్న వ్రాయుదుము. అటుపిమ్మటనే దిద్దుట. ఇందువలన మాకు ఆదివారపు మధ్యాహ్నములు కొన్ని తఱిగిపోయినవి; అయినను ఒకటిన్నర పుట వ్రాయువారిలో కొందఱు మూడు పుటలకు వచ్చిరి.

7. పత్రిక యను మాట

ముగింపుగా ఒక మాట. పౌలు కొరింథీయులకు, కొలొస్సయులకు వ్రాసిన వానిని మన తెలుగు బైబిలులో “పత్రికలు” అనియే పిలుతురు. మీ చేతిలోనున్న యీ వార్షిక సంచికకును అదే పేరు. ఈ పోలిక గమనించినవారు కొద్దిమంది. పౌలు ఆ పత్రికలను వ్రాసినది పేరుకొఱకు కాదు. ఒక్కొక్క ఊరిలో ఒక చిన్న సంఘము ఆయన మాటకై కాచుకొనియుండెను. ఒక సంఘమున చదివినదానిని ప్రక్కయూరి సంఘములోను చదివింపవలెనని ఆయన ఒకచోట కోరెను. పత్రిక యనగా మొదట ఒకరికి వ్రాసిన జాబు. ఆ పిమ్మట అది పదిమంది చేతులు మారును. వ్రాయుట యనగా ఇంతియే.

ఆ వెనుకబల్లలోని బాలుడు నేడు ఎచ్చటనున్నాడో, వ్రాయుచున్నాడో లేదో మాకు తెలియదు. ఈ సంచిక పూర్వవిద్యార్థులకును పోవును గనుక, ఎప్పుడైన ఆతని చేత పడవచ్చును. పడినచో, నాడు ఎఱ్ఱసిరాతో వ్రాసిన మాటను మేము వెనుకకు తీసికొనుచున్నాము. దాని చోట, ఆనాడే అడుగవలసిన ప్రశ్నను ఇప్పుడు అడుగుచున్నాము.

నాయనా, ఆ బావిలో నీరు పడినదా?